చవక పిక్ అండ్ ప్లేస్ యంత్రం: తప్పు ఎక్కడ పుడుతోంది?

అమ్మేవాళ్లు చూపే వీడియోలో ఈ యంత్రం ఎన్నడూ తడబడదు. తల అటూ ఇటూ పరుగెత్తుతుంది, టేపులోంచి ఆవగింజకన్నా చిన్న రెసిస్టర్లను ఒక్కొక్కటిగా పీల్చి తీస్తుంది, బోర్డు మీది సోల్డర్ పేస్టు చుక్కల మీద కుదురుగా పెట్టేస్తుంది. కొని తెచ్చుకున్నవాళ్లకు మాత్రం మొదటి నెల ఇలా గడవదు. ఒక కాంపొనెంట్ దారిలో రాలిపోతుంది. ఒకటి నాజిల్ కొసన నిలువుగా లేచి నిలబడుతుంది. ఇంకొకటి బోర్డు దాకా వచ్చి నాజిల్‌ను వదలనంటుంది. అక్కడ మొదలవుతుంది ఖర్చు: పెద్ద పంపు, ఖరీదైన కెమెరా, కొత్త కంట్రోల్ బోర్డు. ఈ కొనుగోళ్లలో చాలావాటి అవసరమే లేదని నా అభిప్రాయం. ఈ తరగతి యంత్రాల్లో తల కదలిక జనం అనుకున్నంత చెడ్డదేమీ కాదు. కాంపొనెంట్‌ను తలకు అందించే టేపు, దాన్ని కెమెరాకు చూపించే వెలుతురు మాత్రం అనుకున్నదానికన్నా అధ్వానం.

చవక అంటే ఇక్కడ నాలుగైదు వేల డాలర్ల లోపు ధర, బల్ల మీద పట్టే కొలత. వీటిలో రెండు వంశాలున్నాయి. ఒకటి చైనా కంపెనీలు పెట్టెలో పెట్టి అమ్మేది. నియోడెన్ వారి టీఎం220ఏ, టీఎం240ఏ ముందుతరం యంత్రాలు. అవి కాంపొనెంట్‌ను కెమెరాతో చూసి సరిచేసుకోకుండా, లెక్క ప్రకారం వెళ్లి పెట్టేసేవి. తర్వాత వచ్చిన చార్మ్‌హై సీహెచ్ఎం-టీ36వీఏ, టీ48వీఏ లాంటివి రెండు నాజిళ్లు, కిందికి చూసే కెమెరా ఒకటి, పైకి చూసే కెమెరా ఒకటి తెచ్చాయి. రెండో వంశం సొంతంగా కట్టుకునేవాళ్లది. జేసన్ వాన్ నీడా మొదలుపెట్టిన ఓపెన్‌పీఎన్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి వెన్నెముక. ఫిన్లాండ్ నుంచి లైట్‌ప్లేసర్ కిట్ వచ్చింది. దానికి టేపును ముందుకు నడిపే ఫీడర్లే ఉండవు, టేపు ముక్కలను బల్ల మీద పరిస్తే యంత్రం ఏరుకుంటుంది. అమెరికాలో స్టీఫెన్ హాస్ రూపొందించిన లూమెన్‌పీఎన్‌పీలో చాలా భాగాలు 3డీ ప్రింటర్‌లో తయారైనవే. దాని డ్రాయింగులన్నీ బహిరంగంగా ఉన్నాయి.

బాగుచేయడానికి దిగేముందు, అసలు ఎంత ఖచ్చితత్వం కావాలో కొలుచుకోవాలి. 0603 రెసిస్టర్ పొడవు 1.6 మి.మీ., వెడల్పు 0.8 మి.మీ. బోర్డు నాణ్యతను తేల్చే ఐపీసీ-ఏ-610 ప్రమాణం రెండో తరగతిలో చిప్ కాంపొనెంట్ తన వెడల్పులో సగం దాకా పక్కకు జరిగినా ఒప్పుకుంటుంది. అంటే 0.4 మి.మీ. దాకా వెసులుబాటు. ఆపైన ఓవెన్‌లో కరిగిన సోల్డర్ తలతన్యత ఆ ముక్కను దానంతటదే ప్యాడ్ల నడిమికి లాక్కుంటుంది. ఇటు యంత్రం సంగతి చూస్తే, జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ, చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, 16 మైక్రోస్టెప్పులు కలిపితే మిల్లీమీటరుకు 80 స్టెప్పులు వస్తాయి. ఒక్కో స్టెప్పు 0.0125 మి.మీ. బెల్టు సాగుడు, రాపిడి కలిసి దాన్ని ఎన్నో రెట్లు చెడగొట్టినా 0603, 0805లకు ఇంకా బోలెడు మిగులుతుంది. కష్టమంతా 0.5 మి.మీ. ఎడంతో కాళ్లుండే ఐసీల దగ్గరే. కాలి వెడల్పు సుమారు 0.22 మి.మీ., అందులో సగమంటే 0.11. వంద కాళ్ల ఎల్‌క్యూఎఫ్‌పీ ఐసీలో కాలి కొస మధ్యబిందువు నుంచి 8 మి.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి, ఐసీ అర డిగ్రీ తిరిగితే చాలు, కొస 0.07 మి.మీ. పక్కకు పోతుంది. వెసులుబాటులో సగానికి పైగా అక్కడే హరించుకుపోయింది. కాబట్టి రెసిస్టర్లు కుదరడం లేదని యంత్రపు ఖచ్చితత్వాన్ని నిందించేవాళ్లు దాదాపు ఎప్పుడూ వేరే జబ్బుకు మందు వేస్తున్నట్టే.

ఆ వేరే జబ్బు టేపులో ఉంది. 8 మి.మీ. టేపుకు ఒక అంచున 4 మి.మీ.కు ఒకటి చొప్పున 1.5 మి.మీ. వ్యాసంతో రంధ్రాలుంటాయి. అరల్లో కాంపొనెంట్లు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర. చార్మ్‌హై తరహా యంత్రాల్లో తలకు తగిలించిన సూది ఆ రంధ్రంలో దిగి టేపును ముందుకు ఈడుస్తుంది, వెనక ఒక చక్రం పై పొరను చుట్టుకుంటుంది. ఒక్కో టేపుకూ మోటారు అక్కర్లేకుండా చేసిన తెలివైన ఏర్పాటే ఇది. కానీ 8 మి.మీ. టేపు మీది పొర ఊడిరావడానికి పట్టే బలం 0.1 నుంచి 1 న్యూటన్ దాకా ఎంతైనా ఉండవచ్చని టేపుల ప్రమాణం ఈఐఏ-481 అనుమతిస్తోంది. పదింతల తేడా. ఒకే బిగింపుతో తిరిగే చక్రం ఒక రీలుకు చాలదు, మరో రీలుకు ఎక్కువైపోతుంది. చాలనిచోట పొర ఊడదు, నాజిల్ ప్లాస్టిక్ మీద వాలి ఖాళీగా లేస్తుంది. ఎక్కువైనచోట సూది పైకి లేవగానే టేపు అర మిల్లీమీటరు వెనక్కి జారుతుంది, నాజిల్ కాంపొనెంట్ అంచును పట్టుకుంటుంది. అలా అంచున పట్టుబడినదే దారిలో రాలేది, నిలువుగా లేచేది. చూసేవాళ్లు మాత్రం పంపు చాలడం లేదంటారు.

పంపును ఒకసారి లెక్కలో పెట్టి చూడండి. 0.4 మి.మీ. రంధ్రమున్న నాజిల్, బయటి గాలికన్నా 50 కిలోపాస్కల్ తక్కువ పీడనం. పట్టుబలం సుమారు 6 మిల్లీన్యూటన్లు. రెండు మిల్లీగ్రాముల రెసిస్టర్ బరువు 0.02 మిల్లీన్యూటన్. మూడు వందల రెట్లు! సరిగ్గా నడిమిన పట్టుకున్న చిన్న కాంపొనెంట్ వేగానికి ఊడిపోదు. పెద్ద పంపు నిజంగా పనికొచ్చేది బరువైన ఇండక్టర్లకు, ఎత్తైన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు, గరుకు ఒంటి కనెక్టర్లకు. అక్కడ కూడా ముందు పెద్ద నాజిల్ వేసి, త్వరణం తగ్గించి చూడాలి.

వాక్యూమ్ వైపు నేను ముందు చూసేది వదిలేటప్పటి తీరు. వాల్వు మూసినా నాజిల్‌కూ వాల్వుకూ మధ్య ట్యూబులో ఖాళీ మిగిలే ఉంటుంది. అది నిండేలోపు తల పైకి లేస్తే కాంపొనెంట్ కూడా దాని వెంటే లేస్తుంది. మూడు దారుల వాల్వు వేసి, మూసిన క్షణంలోనే బయటి గాలి లోపలికి వచ్చేలా చేసి, ఆ వాల్వును తలకు దగ్గరగా బిగిస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. ఇది కొన్ని వందల రూపాయల పని. వాక్యూమ్ సెన్సర్ పెట్టేవాళ్లు ఇంకో మెలిక గుర్తుంచుకోవాలి: పేస్టుతో పూడుకుపోయిన నాజిల్, కాంపొనెంట్ పట్టుకున్న నాజిల్ సెన్సర్‌కు ఒకేలా కనిపిస్తాయి. అందుకే పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి చదివి తేడా చూసుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సన్నటి తీగ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి.

మళ్లీ టేపుకే వస్తాను, ఎందుకంటే సమయమంతా అక్కడే పోతుంది. పొర ఊడేటప్పుడు స్థిరవిద్యుత్తు పుడుతుంది. 0402 లాంటి చిన్న ముక్కలు పొరకు అంటుకుపోతాయి, లేదా అరలోంచి ఎగిరి పక్కకు పడతాయి. హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ గదిలో ఇది ఎక్కువ. కోస్తా వానాకాలంలో కథ తిరగబడుతుంది: బయట వదిలేసిన కాగితం టేపు తేమ పీల్చుకుని గాడిలో బిగుసుకుంటుంది, సూది ఈడ్చలేక రంధ్రాన్నే చింపుతుంది. మొదటిదానికి మందు గైడ్లను, యంత్రం ఒంటిని నిజంగా ఎర్త్ చేయడం, పొర ఊడే చోటుకూ నాజిల్ దిగే చోటుకూ మధ్య ఎడం తగ్గించడం, టేపును నెమ్మదిగా ఈడ్వడం. రెండోదానికి మూత గట్టిగా పట్టే డబ్బా, సిలికా జెల్ పొట్లాలు చాలు.

అన్నిటికన్నా లాభసాటి మార్పు టేపు రంధ్రాన్ని కెమెరాతో చూడటం. ప్రమాణం ప్రకారం 8 మి.మీ. టేపులో అర నడిమి, రంధ్రపు నడిమి నుంచి టేపు పొడవునా 2 మి.మీ., అడ్డంగా 3.5 మి.మీ. దూరంలో ఉంటుంది. రంధ్రం కనబడితే కాంపొనెంట్ ఎక్కడుందో తెలిసినట్టే, టేపు వెనక్కి జారినా సరే. ఓపెన్‌పీఎన్‌పీలోని కొన్ని ఫీడర్ పద్ధతులు ఇదే చేస్తాయి. ఒకటి రెండు నమూనా బోర్డులు చేసుకునేవాళ్లు రీళ్ల జోలికే వెళ్లకుండా, దుకాణంలో కత్తిరించి ఇచ్చిన టేపు ముక్కలను 3డీ ప్రింటు పట్టీల్లో దూర్చి, రంధ్రాలను కెమెరాకు చూపిస్తే చాలు. సొంత మోటారున్న ఫీడర్లు హాయిగా ఉంటాయి, ఓపులో కంపెనీ లూమెన్‌కు చేసిన ఫోటాన్ ఫీడర్లు ఆ కోవవే. కానీ ఫీడరుకు ఒక ధర, నలభై రకాల కాంపొనెంట్లంటే నలభై ధరలు. యంత్రాన్ని మించిపోతుంది. ప్రతి బోర్డులో పదుల సంఖ్యలో వాడే 100 నానోఫారడ్ కెపాసిటర్, 10 కిలో ఓమ్ రెసిస్టర్ లాంటి నాలుగైదింటికి మోటారు ఫీడర్లు, మిగతావాటికి పట్టీలు. చిన్న సంస్థకు ఇంతకుమించిన ఏర్పాటు నాకు తోచదు.

నాజిల్ ఎంత కిందికి దిగాలన్నది ఫీడర్ ఫీడర్‌కూ కొలవాలి. పైనే ఆగితే కాంపొనెంట్ ఎగిరి వాలుగా అంటుకుంటుంది, మరీ నొక్కితే సిరామిక్ కెపాసిటర్ లోపల కంటికి కనబడని చీలిక వస్తుంది. ఆ చీలిక పరీక్షలో దొరకదు, వాడకందారు చేతిలో దొరుకుతుంది.

ఇక కెమెరాలు. పైకి చూసే కెమెరా పని, నాజిల్‌కు అంటుకున్న కాంపొనెంట్ ఎంత జరిగిందో, ఎంత తిరిగిందో చెప్పడం. 24 మి.మీ. వెడల్పు దృశ్యాన్ని 1280 పిక్సెళ్లలో చూస్తే పిక్సెల్‌కు 0.019 మి.మీ. వస్తుంది, ఈ పనికి అది చాలు. 4కే కెమెరా కొని బాగుపడినవాళ్లకన్నా, దీపం మార్చి బాగుపడినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. చుట్టూ సమంగా పరుచుకునే వెలుతురు కావాలి, చుక్కల్లాంటి ఎల్‌ఈడీలు నేరుగా కొడితే ఐసీ కాళ్లు అద్దాల్లా మెరిసి ఆకారం చెదురుతుంది. ట్రేసింగ్ కాగితమో పాలరంగు అక్రిలిక్ ముక్కో అడ్డం పెట్టినా తేడా తెలుస్తుంది. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయాలి. ఉదయం బాగా గుర్తుపట్టిన యంత్రం మధ్యాహ్నం మూడింటికి తప్పులు చేస్తోందంటే కిటికీ వైపు చూడండి. ఎండ పడుతోంది. నల్ల రేకు తొడుగు వేస్తే సరి.

కెమెరా కొలతలో మరో మోసం ఎత్తు. ఏ ఎత్తున కొలిచి సరిచేశామో ఆ ఎత్తునే పిక్సెల్ లెక్క నిజం. టేపు ఒక మట్టంలో, బోర్డు మరో మట్టంలో ఉంటే రెండు చోట్లా విడిగా కొలవాలి. నాజిల్ దిగే దారి కూడా నిట్టనిలువుగా ఉండాలి. ఒక్క డిగ్రీ వాలితే 10 మి.మీ. దిగేసరికి 0.17 మి.మీ. పక్కకు పోతుంది. పైన చూసి సరిచేసిన కాంపొనెంట్ కింద పెట్టేసరికి జరిగిపోయిందంటే మొదటి అనుమానం దీని మీదే ఉండాలి. రెండో అనుమానం నాజిల్ కొస వంకర మీద. కొస అక్షం నుంచి 0.1 మి.మీ. తప్పి ఉంటే, 180 డిగ్రీలు తిప్పినప్పుడు తేడా 0.2 మి.మీ. అవుతుంది. 0402 వెడల్పే 0.5 మి.మీ. ఓపెన్‌పీఎన్‌పీ ఈ వంకరను నాజిల్‌ను తిప్పి చూసి కొలుచుకుని, లెక్కలో తీసేస్తుంది. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం లేకపోతే మంచి జూకీ కంపెనీ తరహా నాజిళ్లు కొనడమే దారి. వంగినదాన్ని తిన్నగా చేయాలని చూడొద్దు.

మెకానికల్ వైపు రోగాలు తక్కువే, కనిపెట్టడమూ తేలికే. యంత్రం రోజురోజుకూ కొంచెం కొంచెం తప్పుతోందంటే ముందు మోటారు పుల్లీ పక్కనుండే సన్నటి గ్రబ్ స్క్రూ బిగించండి. ఒకవైపు నుంచి వచ్చినప్పుడు సరిగ్గా, రెండోవైపు నుంచి వచ్చినప్పుడు తప్పుగా పెడుతోందంటే బెల్టు వదులు. తలను మోసే దూలాన్ని ఒక కొసనే లాగే మోడళ్లలో రెండో కొస వెనకబడుతుంది, వేగంగా ఆగినప్పుడు మరీనూ. సున్నా చోటును చూపే హోమింగ్ స్విచ్ ప్రతిసారీ ఒకే చోట తగలదు, కాబట్టి బల్ల మీద స్థిరమైన గుర్తు ఒకటి అంటించి, హోమింగ్ అయ్యాక కెమెరాతో దాన్ని చూసి సున్నాను సరిదిద్దుకోవడం మేలు. యంత్రం కింది బల్ల ఊగుతుంటే పైన ఏం చేసినా దండగే.

అంతుచిక్కని తప్పుల్లో పెద్ద భాగం కరెంటుది, కేబుళ్లది. కెమెరా మధ్యలో మాయమవడం, సీరియల్ పోర్టు తెగిపోవడం చాలాసార్లు సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, స్టెప్పర్ తీగల పక్కనే పరిచిన యూఎస్‌బీ తీగది. గోడలో ఎర్త్ పిన్ను ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ ఉందో లేదో మీటరుతో చూసినవాళ్లు తక్కువ. కెమెరాల దగ్గర ఇంకో లెక్క ఉంది. 1280×720 చిత్రాన్ని కుదించకుండా సెకనుకు 30 చొప్పున పంపితే సుమారు 442 మెగాబిట్లు. యూఎస్‌బీ 2 దారి మొత్తం 480. ఒకే హబ్ మీద రెండు కెమెరాలు ఎందుకు కలిసి నడవవో ఇక్కడే తెలిసిపోతుంది. కుదించిన ఎంజేపెగ్ రూపంలో పంపాలి, లేదా కంప్యూటర్‌లో విడివిడి యూఎస్‌బీ కంట్రోలర్ల మీద పెట్టాలి.

కంట్రోల్ బోర్డు మార్చడం ఈ రంగంలో ప్రతిష్ఠ వ్యవహారమైపోయింది. సీహెచ్ఎం-టీ36వీఏలో ఉన్న ఎస్‌టీఎం32 బోర్డును అలాగే ఉంచి, అందులో స్మూతీవేర్ ఆధారిత ఫర్మ్‌వేర్ ఎక్కించి, ఓపెన్‌పీఎన్‌పీతో నడుపుతున్నవాళ్లున్నారు. బోర్డు మార్చాల్సిన పని ఉండదు, పాత కెమెరాలను మాత్రం సాధారణంగా మార్చుకుంటారు. ఓపెన్‌పీఎన్‌పీకి మారేవాళ్లందరూ ఒకచోట బోల్తా పడతారు. చాలా ఫర్మ్‌వేర్లు ఆదేశం అందగానే సరే అంటాయి, కదలిక పూర్తయ్యాక కాదు. ఎం400 అనే ఆదేశంతో కదలిక ఆగేదాకా వేచి ఉండమని చెప్పకపోతే, తల ఇంకా కదులుతుండగానే కెమెరా ఫోటో తీస్తుంది, ప్రతి కొలతా తలో తీరుగా వస్తుంది. ఇది తెలియక కెమెరాలు మార్చినవాళ్లు లేకపోలేదు.

మారాలా వద్దా అన్నదానికి నా కొలబద్ద ఇది: నెలకు ఒకే బోర్డు, వందల సంఖ్యలో చేసేవాళ్లకు ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేరే చాలు. ఒకసారి విసిగి సెట్ చేసుకుంటే అదే నడుస్తుంది. వారానికో కొత్త బోర్డు చేసేవాళ్లకు ఓపెన్‌పీఎన్‌పీ ప్రాణం నిలబెడుతుంది. నేర్చుకోవడానికి పట్టే వారాలను మాత్రం ధరలో కలుపుకోవాలి.

యంత్రం నిక్కచ్చిగా పెట్టినా బోర్డు పాడయ్యే దారి ఇంకొకటుంది, డిజైన్ ఫైలు. కైక్యాడ్ నుంచి వచ్చే పొజిషన్ ఫైలులో మూలబిందువు ఎక్కడో సరిచూసుకోకపోతే మొత్తం జరుగుతుంది. కింది వైపు కాంపొనెంట్లకు అడ్డం లెక్క తిరగబడుతుంది. ఐసీ సున్నా డిగ్రీల్లో ఎలా ఉంటుందో లైబ్రరీ ఒకటి చెబుతుంది, టేపులో అది మరోలా పడుకుని ఉంటుంది. ఎల్‌ఈడీలు, డయోడ్లు, టాంటలమ్ కెపాసిటర్లు ఇక్కడే తలకిందులవుతాయి. పేస్టుకు బదులు రెండు వైపులా అంటుకునే టేపు వేసిన పాత బోర్డు మీద మొదటి పరుగు పెట్టించి, భూతద్దంతో చూడటం ఎంత అనుభవజ్ఞులకైనా తప్పదు. బోర్డు మూలల్లో 1 మి.మీ. రాగి చుక్కలు, చుట్టూ 2 మి.మీ. మాస్క్ ఖాళీతో, మూడు పెట్టమని డిజైన్ చేసేవాళ్లకు ముందే చెప్పాలి. రెండు చుక్కలు జరుగుడును, తిరుగుడును, అన్నివైపులా సమంగా వచ్చిన సాగుడును పట్టిస్తాయి. మూడోది ఉంటే బోర్డు వంకరటింకర సాగుడు కూడా దొరుకుతుంది.

విడిభాగాల సంగతి మన దగ్గర కొంచెం వేరు. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను ప్రభుత్వం నిషేధించాక, ఒక్క నాజిలో, ఒకటి రెండు వాల్వులో తెప్పించుకునే తేలిక దారి మూసుకుపోయింది. జీటీ2 బెల్టులు, పుల్లీలు, లీనియర్ గైడ్లు 3డీ ప్రింటర్ల పుణ్యాన ఇక్కడే దొరుకుతాయి, పంపులు, సోలెనాయిడ్ వాల్వులు కూడా అంతే. నాజిళ్లు, టేపు సూదులు, తల మీది సన్నటి స్ప్రింగులు మాత్రం యంత్రంతోపాటే అదనంగా తెప్పించుకుని పెట్టుకోవాలి. సూది విరిగిన రోజున యంత్రం ఆగిపోతుంది. నెలకు పది బోర్డుల పనికి ఇదంతా దేనికి అనుకునేవాళ్లకు చర్లపల్లి, కుషాయిగూడ వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల్లో అసెంబ్లీ పని బయటివాళ్లకు చేసిపెట్టేవాళ్లను వెతుక్కోవడం చవక.

చివరి దారి ఒకటి ఉంది, పెద్ద ఫ్యాక్టరీలు వదిలేసిన పాత జూకీ, యమహా, సామ్‌సంగ్ యంత్రం కొనడం. ఖచ్చితత్వంలో, వేగంలో బల్ల యంత్రం దాని దరిదాపుల్లోకి రాదు. కానీ టన్నుకు పైగా బరువు మోసే నేల, తగిన కరెంటు కనెక్షన్, కంప్రెషర్ కావాలి. కొన్నిటికి ప్రోగ్రాం ఇంకా ఫ్లాపీ డిస్కులోనే ఎక్కించాలి. ఫీడర్లు విడిగా కొనాలి. ఆ ఫీడర్ల కోసమే పాత సామాను వెతికేవాళ్లూ ఉన్నారు. యమహా సీఎల్ రకం ఫీడర్లను తెచ్చి, గాలి వాల్వు ఒకటి జోడించి, సొంతంగా కట్టుకున్న యంత్రానికి బిగిస్తారు. ఆ ఫీడర్లు ఒక్కో గాలి దెబ్బకు టేపును ఖచ్చితంగా ఒక అర ముందుకు జరుపుతాయి, సూదితో ఈడ్చే అవసరమే ఉండదు. దానికి కంప్రెషర్ నుంచి సుమారు 5 బార్ల పొడి గాలి నిలకడగా రావాలి. కాబట్టి ఫీడర్లు కొనేముందే తేమ పట్టే ఫిల్టరు, రెగ్యులేటర్ కూడా లెక్కలో రాసుకోవాలి.